కళ్యాణి చూసిన సినిమాలు

"నీకు సినిమా చూసుడు రాదు జ్యోత్స్నా" అన్నాడు నా భర్త, నేను ఉల్లిగడ్డలు కోస్తుండగా.

ఆదివారం మధ్యాహ్నం. మూడు గంటలకు ఎనిమిది మంది వస్తారు, వాళ్లకు పకోడీలు కావాలి. హాల్లో కిటికీలకు నల్లగుడ్డలు కట్టింది నేను. చాపలు పరిచింది, ప్రొజెక్టర్ మీద దుమ్ము తుడిచింది, తెర కోసం తెల్లదుప్పటి ఇస్త్రీ చేసింది నేను. సినిమా చూడటం మాత్రం నాకు రాదు. ఎందుకంటే కిందటి ఆదివారం ఒక విదేశీ సినిమా అయిపోయాక, "ఆమె నలభై నిమిషాలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది కదా, ఆ పూట వంట ఎవరు చేశారు?" అని అడిగాను. అందరూ నవ్వారు. బలరాం నవ్వలేదు. వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతున్న నా వెనక నిలబడి, "నా పరువు తీసుడు తప్ప నీకింకేం పనిలేదా" అన్నాడు.

బలరాం ఖమ్మంలో కాలేజీ లెక్చరర్. నేను తల్లాడ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రం ఆరింటికి వస్తాను. మాకు పిల్లల్లేరు. "పిల్లల్లేని ఇంట్ల సినిమాలన్న ఆడాలె కదా" అంటుంది మా అత్త, వచ్చినప్పుడల్లా, నన్ను చూడకుండా. ప్రతి ఆదివారం మా హాల్లో సినిమా ఆడుతుంది. థియేటర్లకు రానివి, పాటలు లేనివి, మనుషులు తక్కువ మాట్లాడేవి, మనసులో జరిగే వాటిని చూపించేవి. అవి చూశాక బలరాం రాసే అభిప్రాయాల కోసం ఫోన్లలో ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. స్త్రీల లోపలి బాధను ఇంత సున్నితంగా పట్టుకునే మగవాడు జిల్లాలో ఇంకొకరు లేరని, ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చే పెద్దాయన రమణ సార్ ఒకసారి సభలో చెప్పారు. ఆ రోజు శాలువా కప్పారు. శాలువా మా బీరువాలో ఉంది.

నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను. పొయ్యి మీద నూనె కాగుతుంటుంది కాబట్టి ముక్కలు ముక్కలుగా చూస్తాను. అయినా నాకూ కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి. ఇలాంటి సినిమాలు నిదానంగా సాగుతాయని చాలామంది విసుక్కుంటారు. నాకు నిదానం కష్టం కాదు, పదిహేనేళ్లుగా ఒకటో తరగతి చెబుతున్నాను. నా కష్టం వేరు. మనస్తత్వం మీద తీసిన సినిమాల్లో ఎక్కువగా చంపేవాడి మనస్తత్వమే ఉంటుంది. వాడి చిన్నతనం చూపిస్తారు, తల్లి వాణ్ని ఎలా విసుక్కుందో చూపిస్తారు, వాడికి నిద్రపట్టకపోవడం చూపిస్తారు. చచ్చిపోయిన ఆమెకు చిన్నతనం ఉండదు. ఒక మెడ ఉంటుంది, ఒక తెల్లగౌను ఉంటుంది. ఒక సినిమాలో భార్య నెత్తురు పడ్డ దుప్పటిని పొగలు కక్కే నీళ్లలో ఉతుకుతుంది. ఆ ఆవిరి ఎంత అందంగా ఉందో బలరాం రెండు పేజీలు రాశాడు. వేడినీళ్లతో నెత్తురు మరక పోదు, గట్టిపడుతుంది. చన్నీళ్లు కావాలి, ఉప్పు కావాలి. ఆ డైరెక్టర్ ఎన్నడూ గుడ్డలు ఉతకలేదని నాకు అర్థమైంది.

పెళ్లయిన పన్నెండేళ్లలో బలరాం నన్ను రెండుసార్లు కొట్టాడు. రెండుసార్లూ తర్వాత తనే ఏడ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని నా ఒళ్లో తల పెట్టి ఏడుస్తుంటే, వాచిన దవడతో నేనే ఓదార్చాను. కొట్టినవాడు ఏడ్చే సినిమాలంటే ఆయనకు ప్రాణం.

నిజానికి ఈ అభిప్రాయాల్లో చాలావరకు నావి కావు. మా చెల్లెలు కళ్యాణివి.

కళ్యాణిని ములకలపల్లి అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఒక తండాలో ఇచ్చాం. మాదీ తండానే, మేం లంబాడీలం. దాని భర్త తిరుపతికి పత్తి చేను ఉంది. కళ్యాణి డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపేసింది. బలరాం చూపించిన సినిమాల పేర్లు నేను చెప్తే, అది ఫోన్లో వెతుక్కుని చూసేది. సిగ్నల్ ఇంటి వెనక పశువుల కొట్టం దగ్గరే దొరికేది. ఒక సినిమాను నాలుగు రోజులు చూసేది. పొద్దున నేను బస్సులో ఉండగా ఫోన్ చేసి మాట్లాడేది.

"అక్కా, గా సినిమాల మొగుడు కొడుతుంటే గిన్నె కింద పడ్డ సప్పుడు వినిపిచ్చిండు సూడు. గది అబద్ధం."

"ఎందుకే?"

"గిన్నె కింద పడదక్కా. పడితే దానికింకో దెబ్బ. తలకాయ పగిలినా సరే, గిన్నె మాత్రం పట్టుకునే ఉంటది."

నేను నవ్వాను. పక్క సీటులో ఉన్నామె నా వైపు చూసేంత గట్టిగా నవ్వాను. ఆ సాయంత్రం బలరాంకి చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆ మాట ఆయన రాసిన దాంట్లో మొదటి వాక్యం అయింది. అది చాలా ఊళ్లు తిరిగింది. కళ్యాణి పేరు వేయలేదేమని అడిగితే, "ఎవలిదైతే ఏంది? ఇంట్ల మాటే కదా" అన్నాడు. అదే సంగతి కళ్యాణికి చెప్తే, "పోనియ్ అక్కా, బావ పేరుతోనన్న నలుగురు సదివిండ్రు" అంది.

ఇంకోసారి చెప్పింది. "కొట్టేదంతా చీకట్ల సూపిస్తరెందుకక్కా? పగటిపూటే కదా ఎక్కువైతది, అందరు చేన్లకు పోయినంక." మరోసారి, "గొంతు పిసికితే గంతసేపు కాళ్లు కొట్టుకోరక్కా. ముందుగాల చెవులు మూసుకపోతయి. గది ఏ సినిమాల సూపియ్యలే." నీకెలా తెలుసే అని అడిగాను. "గిన్ని సినిమాలు సూస్తున్న, గాపాటి తెల్వదా" అంది. నమ్మాను.

నేను టీచర్ని. పిల్లవాడి చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టి ఉంటే, ఆ పొద్దున ఇంట్లో తల్లి లేదని కనిపెట్టగలను. ఏడాదిన్నర పాటు మా చెల్లెలు రోజూ పొద్దున్నే నాకు చెప్పింది విని, ఇది సినిమాలు ఎంత బాగా చూస్తుంది అనుకున్నాను.

పత్తి ఏరే రోజుల్లో కబురొచ్చింది. కడుపునొప్పి తట్టుకోలేక కళ్యాణి పురుగుల మందు తాగి చనిపోయిందన్నారు. దవాఖానా నుంచి తెచ్చాక ఒంటికి నీళ్లు పోసింది నేనూ మా అమ్మ పూలీ. పై పెదవి చీలి ఉంది. ముందరి పన్ను సగానికి విరిగి ఉంది. రొమ్ముల మధ్య అరచెయ్యంత కమిలింది. తల వెనక జుట్టు ఒకచోట లేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కొత్త చీర కట్టి, పెదవి కనిపించకుండా కొంగు కప్పాం.

మా వాళ్లలో చావు దగ్గర ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. అది వట్టి ఏడుపు కాదు, రాగం తీసి చెప్పడం. పోయిన మనిషి ఎలా పుట్టింది, ఏం తినేది, ఎవరు ఎలా చూశారు, ఆఖరికి ఏం జరిగింది, అన్నీ అందులో చెప్పేస్తారు. ఎవరూ ఆపరు. మగవాళ్లు దూరంగా కూర్చుని బీడీలు తాగుతూ కట్టెల గురించి మాట్లాడుకుంటారు. అదే భాష, అదే వాకిలి, అయినా వినరు. ఆడోళ్ల ఏడుపు వినగూడదని వాళ్లకు చిన్నప్పుడే అలవాటైపోతుంది. ఏడుపులో చెప్పినదాన్ని ఆడవాళ్లు కూడా తర్వాత మామూలు మాటల్లో అడగరు. అది అక్కడితో సరి.

అమ్మ నా మెడ పట్టుకుంది. ఆ పొద్దున తను కూతురి ఇంట్లోనే ఉంది. ఏం చూసిందో మొత్తం నా చెవిలో పాడింది. తండాలోని ఆడవాళ్లంతా విన్నారు. గుమ్మం దగ్గర బలరాం ఫోన్ పట్టుకుని నిలబడి ఉండటం నా కంటి కొసన కనిపించింది. ఎవరికో ఫోన్ చేస్తున్నాడనుకున్నాను.

మూడో రోజు పెద్దమనుషులు కూర్చున్నారు. మా వైపు పెద్దమనిషి బలరాం. కళ్యాణి కూతురు మేఘన పేరు మీద కొంత చెలక భూమి రాయిస్తానని తిరుపతి ఒప్పుకున్నాడు, కడుపునొప్పే అని అందరూ సంతకాలు పెట్టారు. అమ్మ వేలిముద్ర వేసింది. ఆ రాత్రి పక్కన పడుకుని, "నిజమేనా అమ్మా, నువ్వు చెప్పింది?" అని అడిగాను.

"ఏడుపుల చెప్పింది ఏడుపుతోనే పోవాలె బిడ్డా. పిల్ల వాని తాన ఉండాలె. మల్ల అడగకు" అంది.

నేను మళ్లీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. బడికి పోయాను, అక్షరాలు దిద్దించాను. హోలీ వెళ్లిన వారానికి అమ్మ పోయింది. అప్పటిదాకా మేఘనను చూసుకున్నది అమ్మే. దిక్కులేక తిరుపతి పిల్లను తెచ్చి మా ఇంట్లో దింపాడు. ఎనిమిదేళ్ల పిల్ల. మా ఇంట్లో తలుపులు ఏవైనా మూసి ఉంటే లేచి తెరిచి వచ్చేది. గాలి కోసం అనుకున్నాను.

ఇక నేను ఉల్లిగడ్డలు కోస్తున్న ఆ ఆదివారం. జూన్‌లో బడులు తెరిచే ముందు వచ్చే ఆదివారం. రవికుమార్ అనే కుర్ర డైరెక్టర్ తీసిన మొదటి సినిమాను అందరికంటే ముందు మా హాల్లో చూపిస్తున్నారు. తర్వాత పోటీకి పంపుతారు. భార్య పోయిన ఒక మనిషి ములకలపల్లి అడవిలో ఒంటరిగా తిరగడం, అంతే కథ. కథా సహకారం బలరాంది. అసలు మనుషులే ఉండాలి, నటులు వద్దు అన్నది కూడా ఆయనే. అందుకని ఆ భర్త వేషం తిరుపతితో వేయించారు. చలికాలంలో షూటింగ్ జరిగినప్పుడు నేను ఒక్క మాట అన్నాను, "అతన్నా?" అని. "ఆయన దుఃఖం ఆయనది. నీకొక్కదానికే ఉన్నదా దుఃఖం?" అన్నాడు బలరాం.

తిరుపతి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. సినిమా చూసి, సాయంత్రం బస్సుకు మేఘనను తీసుకుపోతానన్నాడు. మళ్లీ పెళ్లి కుదిరిందట. "ఇంట్ల ఆడమనిషి వస్తది కదా వదినే, ఇంక పిల్ల ఈడెందుకు. నీక్కూడ బడి పని" అన్నాడు. పిల్ల బట్టలు నేను సర్దలేదు. బలరాం సర్దాడు. ఆ ఇంట్లో ఆయన సర్దిన మొదటి సంచి అది.

సినిమా మొదలైంది. నేను గుమ్మంలో, నా పక్కన మేఘన. టేకు ఆకులు రాలుతున్నాయి. వాగు ఎండి ఇసుక కనిపిస్తోంది. తిరుపతి నడుస్తున్నాడు, బీడీ వెలిగిస్తున్నాడు, ఒక బండ మీద కూర్చున్నాడు. కెమెరా అతని మొహం దగ్గరికి వచ్చి ఆగింది. కదల్లేదు. అప్పుడు మా అమ్మ గొంతు వినిపించింది.

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని నెమ్మదిగా గట్టు మీద పెట్టాను. చనిపోయిన మా అమ్మ, నా మెడ పట్టుకుని ఆ రోజు ఏడ్చిన ఏడుపు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా హాలు నిండా. మధ్యలో నా ఎక్కిళ్లు కూడా ఉన్నాయి. తెర మీద తిరుపతి మొహం గోడంత ఉంది, కళ్లలో తడి మెరుస్తోంది. తెర కింద అసలు తిరుపతి పకోడీ నములుతూ తన మొహాన్ని తను చూసుకుంటున్నాడు. మేఘన నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. నాలుగు నిమిషాల పాటు వదల్లేదు.

సినిమా అయ్యాక చప్పట్లు కొట్టారు. బలరాం చాయ్ కోసం వంటింట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మ ఏడుపు మీరు రికార్డు చేశారా?"

"మరెవలు చేస్తరు? ఎంత గొప్ప సౌండ్ అది. రవికుమార్ విని వణికిపోయిండు."

"అందులో ఏముందో విన్నారా?"

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "విన్న. నేను లంబాడోన్ని కాదా? అందుకే కింద అక్షరాలు ఎయ్యొద్దన్న. ఎయ్యకుంటేనే దానికి అందం. జడ్జీలకు మన భాష రాదు, ఎవలకు ఎక్కడ తెలుస్తది?"

నేను అనుకున్నది వేరు. అందరు మగవాళ్లలాగే ఈయనా వినలేదనుకున్నాను. వినని మనిషితో పన్నెండేళ్లు ఉన్నాననుకున్నాను.

"విని సంతకం పెట్టారా?"

ఆయన నా ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని మరుగుతున్న చాయ్ గిన్నె అంచుకు ఆనించాడు. గట్టిగా కాదు, నెమ్మదిగా, ఏదో అర్థమయ్యేలా చెప్తున్నట్టు ఆనించి ఉంచాడు. చర్మం వాసన నాకు తెలిసింది. "ఈ పోటీకి నాలుగేండ్ల నుంచి ఎదురుచూస్తున్న. ఇయ్యాల నోరు తెరిస్తే పిల్లతోని పాటు నువ్వు గూడ బయటికే" అన్నాడు. తర్వాత వదిలేసి, "పాలు తక్కువైనయ్ చూడు" అని వెళ్లిపోయాడు.

కుడిచేత్తో ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లాను. అభిప్రాయాలు చెప్తున్నారు. బ్యాంకులో పనిచేసే శ్రీధర్, భర్త మౌనాన్ని ఇంత లోతుగా ఎవరూ చూపలేదన్నాడు. రమణ సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆ ముసలావిడ ఏడుపుకు భాషతో పనిలేదు. అర్థం లేకపోవడమే దాని అర్థం" అన్నారు. తర్వాత నన్ను చూశారు. "అమ్మా, ఎప్పుడూ చాయ్ ఇచ్చుడేనా? నువ్వు గూడ ఒక మాట చెప్పు."

"ఆమెకేం తెలుసు సార్" అన్నాడు బలరాం నవ్వుతూ.

"చెప్తాను సార్" అన్నాను. "రవికుమార్, ఆ ఏడుపు మొదలైన చోటి నుంచి మళ్లీ పెట్టు బాబూ. నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆపు."

అతను పెట్టాడు. మళ్లీ తిరుపతి మొహం, మళ్లీ అమ్మ గొంతు. ఒక్కో ముక్కకు చెయ్యి ఎత్తాను. బడిలో పాఠం చదివించినట్టు, తొందర లేకుండా, తెలుగులో చెప్పాను.

"నా బంగారూ, నువ్వు పొయ్యికాడ అన్నం వంపుతుంటివి. పక్కన నీ ఫోన్ల బొమ్మలు ఆడుతుండె."

"వాడొచ్చి ఫోను గుంజుకునె. నీ నోటి మీదనే పగలగొట్టె. నువ్వు గంజి ఒలకనియ్యకపోతివి."

బలరాం లేచాడు. "జ్యోత్స్నా, చాలు." రమణ సార్ ఆయన వైపు చూడకుండానే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"నీ జుట్టు చేతికి చుట్టుకునె. గడపకేసి కొట్టె, కొట్టె, గడప మీది పసుపు ఎర్రగయ్యె. నేను వాని కాళ్లు పట్టుకుంటి. నా వేళ్లు తొక్కె."

"నీ రొమ్ము మీద మోకాలు పెట్టె. పత్తి మందు డబ్బా మూత పండ్లతోని ఊడదీసె."

"నువ్వు నోరు తెరవకపోతివి. డబ్బా అంచుతోని నీ పన్ను ఇరగగొట్టి పోసె. నువ్వు తాగలేదు నా తల్లీ, నీకు వాడు తాపె."

అక్కడ ఆపాను. ఇంకా ఉంది, కానీ అది కళ్యాణి చిన్నప్పటి సంగతులు. అవి వాళ్లకు ఇవ్వదలుచుకోలేదు.

"ఇదీ నా అభిప్రాయం సార్" అన్నాను. "ఆమె చెప్తున్నది ఈ మనిషి గురించి. ఆ ముసలావిడ మా అమ్మ. పోయింది మా చెల్లెలు."

ముందుగా మాట్లాడింది బలరాం. "అదొక సంప్రదాయం సార్. ఏడుపుల అతిశయోక్తి ఉంటది. మాట మాటకు అర్థం తియ్యొద్దు."

"ఆడోళ్ల ఏడుపు" అన్నాడు తిరుపతి. చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఏడుపుల వంద అంటరు. నేను సచ్చినా గిట్లనే ఏడుస్తరు. పా మేఘనా, బస్సు టైమైంది."

మేఘన కదల్లేదు. నన్ను చూసి, మామూలుగా, హోమ్‌వర్క్‌లో మిగిలినదాన్ని గుర్తు చేస్తున్నట్టు చెప్పింది.

"పెద్దమ్మా, అమ్మమ్మ ఒకటి చెప్పుడు మర్సిపోయింది. తలుపు నన్నే పెట్టుమన్నడు. నేను పెట్టిన."

తిరుపతి రెండు అంగల్లో వచ్చి పిల్ల రెక్క పట్టుకుని లాగాడు. నేను మధ్యలోకి వెళ్లాను. అతను కొట్టింది నా చెవి మీద తగిలింది. నేను ప్రొజెక్టర్ బల్ల మీద పడ్డాను, అది పక్కకు ఒరిగింది. అతని మొహం గోడ మీద నుంచి జారి ఇంటి కప్పుకు అతుక్కుంది. నా చెవిలో హోరు తప్ప ఏమీ వినపడలేదు. ముందుగాల చెవులు మూసుకపోతయి అని కళ్యాణి చెప్పింది నిజమే. అతను నా పొట్టలో తన్నాడు, ఇంకోసారి తన్నాడు. పిల్లను నేను వదల్లేదు. ఎనిమిది మంది చూశారు. చూడటం వాళ్లకు అలవాటే. మూడో తన్నుకు రవికుమార్ వచ్చి అతన్ని వెనక నుంచి పట్టుకున్నాడు, తర్వాత శ్రీధర్ పట్టుకున్నాడు. బలరాం ప్రొజెక్టర్‌ను లేవనెత్తి, అద్దం పగిలిందేమో చూస్తున్నాడు.

రవికుమార్ నా ముందు కూర్చున్నాడు. "మేడం, నాకు తెల్వదు. వట్టి ఏడుపే అన్నరు బలరాం సార్. రికార్డు చేసినప్పటి ఫైల్ నా దగ్గరుంది, తారీకుతో సహా" అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతిలో పెట్టాడు. ఆ సినిమా సంగతి అతను ఒక్క మాట కూడా అడగలేదు.

ఆ రాత్రి నేనూ మేఘనా రమణ సార్ ఇంట్లో పడుకున్నాం. మర్నాడు మొదటి బస్సు ఎక్కాం. కళ్యాణి ఉన్న తండా ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో ఆ స్టేషన్‌కు పదకొండింటికి చేరాం. సుజాత అనే హెడ్ కానిస్టేబుల్ ఉంది. నా చెవి చూసింది, చెయ్యి చూసింది, కుర్చీ జరిపింది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మా అమ్మను మొత్తం విన్నది. ఆమెది మా భాష కాదు, అయినా చివరిదాకా విన్నది. నేను మళ్లీ ఒక్కో ముక్కా తెలుగులో రాసి ఇచ్చాను.

"మేడం, గట్టి కేసు అయితదని నేను మాట ఇయ్యలేను" అంది. "కాయితాల మీద కడుపునొప్పి అని ఉన్నది. పెద్దమనుషుల సంతకాలున్నయ్. కళ్ల చూసినామె పాయె. సాక్షులు కావాలె."

బెంచీ మీద మేఘన నిద్రపోతోంది. సుజాత అటు చూసింది.

"ఆ పిల్ల ఉన్నది కదా?"

"ఉంది" అన్నాను. "కానీ తలుపు పెట్టింది తనే అనుకుంటోంది. ముందు పెద్దవాళ్లు చెప్పాలి. పిల్లను ఆఖరున అడగండి."

"ఇంకెవలున్నరు మరి? ఆ రోజు ఆమె మాటలు ఆడోళ్లు కాక, సదువుకున్నోళ్లు, నౌకరి చేసేటోళ్లు, విని అర్థం చేసుకున్నోళ్లు ఎవలన్న ఉన్నరా? ఉంటే పేర్లు రాయుండ్రి. వరుసగ."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. ఒకటి అని అంకె వేసి, దాని ఎదురుగా నా భర్త పేరు రాశాను.